గేదెకి ఏ సూది వేయించారు నాన్నా?

ఇక్కడ అమెరికాలో మొన్న ఆదివారం పిల్లల్ని తెలుగు క్లాసుకి తీసుకెళ్తుంటే, రోడ్డు పక్కన ఏదో కారు గుద్దేసిన జింక మీద ఐదారు టర్కీ రాబందులు వాలి ఉన్నాయి. మా అమ్మాయి "యాక్" అని మొహం తిప్పేసుకుంది. నాకు మాత్రం కారాపి చూడాలనిపించింది, ఎందుకంటే మా ఊళ్ళో రాబందుని చూసి ముప్పై ఏళ్ళు దాటింది.

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ఊరు. గొడ్డు చస్తే చెరువు వెనక పడేసేవాళ్ళు. ఎక్కడి నుంచి వచ్చేవో, ముందు ఆకాశంలో చుక్కల్లా తిరిగేవి, తర్వాత ఒక్కొక్కటే దిగేవి, సాయంత్రానికి ఎముకలు మిగిలేవి. ఇంటి మీద రాబందు వాలితే ఇల్లు ఖాళీ చెయ్యాలని మా నాయనమ్మ భయపెట్టేది. ఇప్పుడా భయం లేదు, వాలడానికి రాబందులే లేవు కదా. చెరువు వెనక ఇప్పుడున్నవి కుక్కలు.

1990ల మొదట్లో మన దేశంలో ఇవి కోట్లలో ఉండేవి. తెల్ల నడుం రాబందులైతే 2007 నాటికి వెయ్యికి ఒకటే మిగిలింది. మొదట్లో పురుగుమందులన్నారు, ఏదో వైరస్ అన్నారు. చివరికి 2004లో లిండ్సే ఓక్స్ అనే శాస్త్రవేత్త బృందం పాకిస్తాన్‌లో చచ్చిన పక్షుల్ని కోసి చూసి దొంగని పట్టుకుంది: డైక్లోఫెనాక్. అవును, మనం మోకాళ్ళ నొప్పికి వేసుకునే మందే. కుంటుతున్న ఎద్దుకి, పొదుగు వాచిన గేదెకి ఆ సూది వేస్తారు, ఒకటి రెండు రోజుల్లో అది చస్తే మాంసంలో మందు ఉండిపోతుంది, అది తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోయి, లోపలి అవయవాల మీద యూరిక్ యాసిడ్ సున్నం పూసినట్టు పేరుకుని చస్తుంది. నూటికి ఒక్క కళేబరంలో మందున్నా మొత్తం జాతి కూలిపోవడానికి చాలునట, ఎందుకంటే ఒక గొడ్డు మీద ఒకేసారి పదులకొద్దీ వాలతాయి, పైగా జంటకి ఏడాదికి ఒకటే గుడ్డు.

2006లో పశువులకి ఆ మందు వాడకం నిషేధించారు. మనవాళ్ళ తెలివి తెలిసిందేగా! మనుషుల కోసమని అమ్మే పెద్ద సీసాలు పశువులకి ఎక్కించారు, 2015లో సీసా సైజు 3 మిల్లీలీటర్లకి తగ్గించేదాకా. తర్వాత కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులు కూడా రాబందులకి ప్రమాదమేనని తేలి 2023లో వాటినీ ఆపారు. ఎసిక్లోఫెనాక్ ఆవు ఒంట్లోకి వెళ్ళాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది, పేరు మార్చుకున్న అదే దొంగ అన్నమాట. ఇన్నాళ్ళూ మెలాక్సికామ్ అనే మందు పక్కనే ఉంది, నొప్పి తగ్గిస్తుంది, రాబందుని చంపదు.

"పోతే పోయాయిలే, శవాలు పీక్కుతినే పక్షులు" అని ఇక్కడి మన తెలుగు అసోసియేషన్‌లోనే ఒకాయన నాతో అన్నాడు. ఆయన కోసం ఒక లెక్క. రాబందులు పోవడం వల్ల 2000 నుంచి 2005 దాకా మన దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో అంచనా కట్టారు. కళేబరాలు కుళ్ళి నీళ్ళు పాడవడం, కుక్కలు పెరిగి రేబిస్ రావడం, ఇవీ వాళ్ళు చెప్పిన కారణాలు.

మనమేమో ఉగాది స్టేజీ మీద పిల్లాడికి అట్ట రెక్కలు కట్టి జటాయువు వేషం వేయిస్తాం, ఇండియా వెళ్తే లేపాక్షిలో ఫొటో దిగుతాం, చందాలంటే పులికే ఇస్తాం. పులికి ఇవ్వొద్దని కాదు, దానికి అడిగేవాళ్ళున్నారు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపుగుట్ట మీద 2013లో రాబందుల గూళ్ళు కనపడ్డాయని మనలో ఎంతమందికి తెలుసు? ఇక్కడ అమెరికాలో కాలిఫోర్నియా కాండర్లు ఒకప్పుడు 27 మాత్రమే మిగిలితే అన్నిటినీ పట్టి, పెంచి, వదిలి, ఇప్పుడు 500 దాటించారు. వాటికి శత్రువు అవి తినే కళేబరాల్లో మిగిలిపోయే సీసం తూటాల ముక్కలు, ఆ బాధ ఇంకా పూర్తిగా తీరలేదు.

నేను చెప్పేది చిన్న పని. మనలో సగం మందికి ఊళ్ళో ఇంకా పాడి ఉంది. ఫోన్ చేసినప్పుడు వాన పడిందా, బీపీ ఎంతుంది అని అడుగుతాం కదా, గేదెకి ఏ సూది వేయిస్తున్నారో కూడా అడగండి. మెలాక్సికామ్ ఉందా అని డాక్టర్‌ని అడగమనండి.

నేను అడిగాను. "ఏ సూదో నాకేం తెలుసురా, లేచి నిలబడింది, పాలిస్తోంది, అది చాలదా" అన్నాడు నాన్న. సీసా ఫొటో పంపమని నాలుగు రోజులు విసిగించాను. పంపాడు. సీసా తలకిందులుగా ఉంది, పేరున్న చోట సరిగ్గా ఆయన బొటనవేలు అడ్డం. మళ్ళీ ఫోన్ చెయ్యాలి.