నడుము తిప్పే పళ్ళేనికి 14,000 రూపాయలా?

ఈ ఉదయం బాబాయిని భుజం పట్టి కారెక్కించి ఇంటికి తీసుకొచ్చాను. నడుము పట్టేసి నిటారుగా నిలబడలేకపోయారు. అరవై రెండేళ్ళ మనిషి, మొన్నటిదాకా మాతో పాటు గోల్ఫ్‌లో పూర్తి ఆట, 18 హోల్స్, నడిచి ఆడినవారు! కారణం జిమ్ శిక్షకుడు అంటగట్టిన ఒక తిరుగుడు పళ్ళెం. దాని మీద నిలబడి, గోడ పట్టుకుని, రోజుకు 200 సార్లు నడుము అటూ ఇటూ తిప్పాలట. నడుము ఎంత తిరిగితే బంతి అంత దూరం పోతుందట. ఖరీదు 14,000 రూపాయలు.

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది నాకు. నడుములో ఉన్న అయిదు పూసలూ కలిసినా ఒక పక్కకు పదిహేను డిగ్రీలు తిరగవు. స్వింగ్‌లో, అంటే బంతిని కొట్టే ఊపులో, మనకు కనిపించే మెలిక తుంటి కీళ్ళది, వీపు పైభాగానిది. నడుము పని బిగిసి నిలబడడం. బంతిని కొట్టే కర్ర, అదే క్లబ్బు, పైనుంచి బంతి దాకా దిగడానికి పట్టేది దాదాపు పావు సెకను. అంతలో కాళ్ళ బలం చేతులకు చేరాలంటే పొట్ట, నడుము కాలువ గట్టులా నిలవాలి. గట్టును రోజుకు 200 సార్లు కదిలించుకుంటామా?

గోల్ఫ్ దిగ్గజం టైగర్ వుడ్స్‌నే చూడండి. 2014 నుంచి 2017 లోపు నడుముకు నాలుగు ఆపరేషన్లు. చివరిసారి పూసలే అతికించారు. 2019లో గోల్ఫ్‌లో పెద్ద పోటీ అయిన మాస్టర్స్ గెలిచాడు కానీ, దాని వెనక ఎంత నరకం! అలాంటిది మన పెద్దవాళ్ళ నడుములతో ఆటలాడతారా?

ఈ మోసం కొత్తది కూడా కాదు. పెట్టుకుని కూర్చుంటే పొట్ట కండలు వస్తాయని విద్యుత్ బెల్టులు అమ్మినవాళ్ళ మీద 2002లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులు వేసింది. అయినా ఏటా కొత్త పేరుతో అదే సరుకు.

వెన్నెముక మీద దశాబ్దాలు పరిశోధించిన స్టువర్ట్ మెక్‌గిల్, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం విశ్రాంత ఆచార్యుడు, ముఖ్యంగా చెప్పేవి మూడే వ్యాయామాలు. వాటికి చాప చాలు. బాబాయికి నొప్పి తగ్గి, డాక్టరు సరేనన్నాక దగ్గరుండి చేయిస్తాను. చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి, కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాచి పది సెకన్లు. నడుము మీద నీళ్ళ గ్లాసు పెడితే తొణకకూడదు. తర్వాత పక్కకు తిరిగి మోచేతి మీద ఒళ్ళు నిలపడం. మూడోది, వెల్లకిలా పడుకుని నడుము కింద చేతులు పెట్టుకుని తల, భుజాలు కాస్త మాత్రమే ఎత్తడం. వీటికి తోడు ఒంటి చేత్తో నిండు బకెట్ పట్టుకుని పక్కకు ఒరగకుండా పెరటి చివరిదాకా నడక. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు బావి నుంచి నీళ్ళు మోసిన రోజుల్లో ఈ బలాన్ని ఎవరూ డబ్బాలో పెట్టి అమ్మలేదు.

మా గోల్ఫ్ క్లబ్బులో ఆటగాళ్ళ బ్యాగులు మోసే కేడీల నడుములు చూడండి. బరువైన బ్యాగు భుజాన వేసుకుని నాలుగు గంటలు ఎండలో నడుస్తారు. సోమవారం వాళ్ళను ఆడనిస్తే, అరిగిపోయిన అరువు క్లబ్బుతో కొట్టిన బంతి మా సభ్యుల బంతులను దాటి పడుతుంది. అలీ షేర్ ఢిల్లీలో కేడీగా బ్యాగులు మోసినవాడే. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆయన ఏ పళ్ళెం మీద తిరిగాడు?

అలాంటి మనుషులకు నీడన కూర్చోవడానికి నాలుగు బల్లలు వేయించమని మా క్లబ్బు వాళ్ళను మూడేళ్ళుగా అడుగుతున్నాను. ప్రతిసారీ నిధులు లేవనే అంటారు. కిందటి నెలలో మాత్రం జిమ్ అద్దాల గదిలోకి ఆరు యంత్రాలు వచ్చాయి, అందులో రెండు ఈ తిరిగే పళ్ళేలే! ఈ రోజు బాబాయి బ్యాగును, బాబాయినీ కారు దాకా చేర్చింది కూడా ఒక కేడీయే. ఆ కేడీ చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. మమ్మల్ని పంపించి తిరిగి వెళ్ళి పార్కింగ్ గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు. వచ్చే సమావేశంలో ఆ బల్లల సంగతి తేలేదాకా నేను లేవను.