పిట్ట కాలి మీద ఉద్యోగం చేస్తున్న జియోలొకేటర్ గారికి

అయ్యా,

టికెట్టు లేకుండా తిరిగేవాళ్ళను చాలామందిని చూశాం గానీ, మీ అంత దర్జా ఎవరికీ లేదు. పిట్ట ఎటు తిరిగిందో తేల్చడానికి వెలుతురు రాసుకునే బుల్లి యంత్రం మీరు, మీ బరువు 1.4 గ్రాములు. మిమ్మల్ని మోసే ఆర్కిటిక్ టెర్న్ అనే సముద్రపు పిట్ట నూరు గ్రాములకు కాస్త అటూ ఇటూ. గ్రీన్‌ల్యాండ్‌లో దాని కాలి ప్లాస్టిక్ కడియం మీద ఎక్కి కూర్చున్నారు, అంటార్కిటికా పక్కన వెడ్డెల్ సముద్రం చూసుకుని, మళ్ళీ అదే దీవిలో దిగారు. రెక్కలు దానివి, పేరు మీది!

2010లో పరిశోధకుడు కార్‌స్టెన్ ఎగెవాంగ్ బృందం మీ డైరీలు అచ్చేసింది. ఏడాదికి సగటున 70,900 కిలోమీటర్లట. అంతకుముందు 40 వేలుంటుందని పెద్దలు ఉజ్జాయింపుగా చెప్పేవారు. పాపం, టీఏ బిల్లులో సగం దాకా కోత పడినా పిట్ట ఏనాడూ అర్జీ పెట్టుకోలేదు.

ఇంతకీ మీ పనితనం సంగతి. మీ దగ్గర ఉన్నవి రెండే: వెలుతురు, గడియారం. పగలు ఎంతసేపుందో చూస్తే అక్షాంశం, నడిమధ్యాహ్నం ఎన్నింటికైందో చూస్తే రేఖాంశం. ఐడియా బాగుంది, కాదనను. కానీ సెప్టెంబరు 23 వచ్చిందా, లోకమంతా పగలూ రాత్రీ సమానమైపోతాయి. గ్రీన్‌ల్యాండ్ అయినా ఘనా అయినా మీకు ఒకటే! పిట్ట దక్షిణానికి పోతున్న రోజుల్లోనే మీ డైరీలో అక్షాంశం గల్లంతు. పొద్దు గుంకని చోటికి వెళ్తే ఇంకా హాయి, అస్తమయం లేదు కాబట్టి లెక్కా లేదు.

పోనీ ఎక్కడున్నారో కబురైనా పెడతారా అంటే అదీ లేదు. ఉపగ్రహంతో మాట్లాడే అలవాటు మీకు లేదు. మరుసటేడు మనిషే దీవికి వెళ్ళి, గుడ్ల మీద కూర్చున్న అదే పిట్టను పట్టుకుని, మిమ్మల్ని ఊడదీయాలి. ఆ పిట్ట ఊరుకుంటుందా? గూటి దగ్గరికి అడుగేస్తే నెత్తి మీదికి దూకి ముక్కుతో పొడుస్తుంది, పనిలో పనిగా రెట్ట కూడా వేస్తుంది. అందులో ఎత్తైనదాన్నే పొడిచే అలవాటు దానికి. అందుకే అక్కడ తిరిగేవాళ్ళు తలపైన ఒక కర్ర ఎత్తి పట్టుకుంటారు. ఇంత భాగోతం జరిగాక 2008లో చేతికొచ్చినవి 11 డైరీలు. మీ మిగతా సిబ్బంది ఇంకా టూర్లోనే ఉన్నారనుకోమంటారా?

ఆ పదకొండులోనూ, ఆఫ్రికాకు పడమరనున్న కేప్ వెర్డీ దీవులు దాటాక ఏడు పిట్టలు ఆఫ్రికా పక్కగా, నాలుగు బ్రెజిల్ పక్కగా పోయాయి. ఎందుకండీ అంటే మీ సమాధానం ఒకటే: “వెలుతురు పడింది, రాసుకున్నాను.” తిరుగు ప్రయాణం గాలివాటం చూసుకుని ఎస్ అక్షరంలా వంకరపోయి, 40 రోజుల్లో ముగిసింది. ఆ గాలి లెక్కలు ఎవరు చేశారో మీ డైరీలో ఒక్క ముక్క లేదు.

తర్వాత ఇంగ్లండ్‌లోని ఫార్న్ దీవుల్లో మీ తమ్ముణ్ణి దించారు. 0.7 గ్రాములే. ఒక పిట్ట దగ్గర 96,000 కిలోమీటర్లు లెక్క తేల్చాడు. బరువు సగమై దూరం పెరిగింది కదా, ప్రమోషన్ మీకా, వాడికా, పిట్టకా?

సెప్టెంబరు ఆఖరు వారం ఎక్కడున్నారో తెల్ల కాగితం మీద రాసి, వచ్చే వేసవిలో దీవికొచ్చే మనిషి చేతికివ్వండి. వాడి హెల్మెట్టు ఖర్చు మాత్రం మీ జీతంలోంచే.

ఇట్లు,
మ్యాపులో మీ గీత చూసి పిట్టను మర్చిపోయిన పాఠకలోకం తరఫున