నాన్న పేపర్ చదువుకోవడానికి కూడా కాపలా పెట్టాలా?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. కోపం చల్లారేదాకా ఆగితే ఇది రాయను, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

పొద్దున ఏడున్నరకి అమ్మ ఫోన్. "అమ్మడూ, ల్యాప్‌టాప్ అరుస్తోందే, మీ నాన్న ఎవరికో ఫోన్ చేస్తున్నారు" అంది. వెనక సైరన్ మోత నాకే వినిపిస్తోంది. వీడియో కాల్ చేయమన్నాను. స్క్రీన్ మొత్తం ఎర్రగా ఉంది. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, బ్యాంకు వివరాలు పోతున్నాయి, ఆపేయొద్దు, వెంటనే ఈ నంబరుకి చేయండి అని పెద్ద పెద్ద అక్షరాలు. నాన్న కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని ఒక్కో అంకే నొక్కుతున్నారు. పక్కన ఆయన నల్ల డైరీ తెరిచి ఉంది. అలాంటి డైరీ మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అకౌంట్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు, ఏటీఎం పిన్‌తో సహా అన్నీ అందులోనే.

అవతలివాళ్లు ఎత్తేలోపు అమ్మ ఫోన్ లాక్కుంది. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోమన్నాను. మోత ఆగింది. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేనేం నొక్కానమ్మా? పేపరే కదా చదువుకుంటున్నా" అన్నారు. ముప్పై ఏళ్లు ఆఫీసు లెక్కలు రాసి పైసా తేడా రానివ్వని మనిషి, తప్పు చేసిన పిల్లాడిలా అడిగారు. నాకు కడుపు రగిలిపోయింది.

ఆయన పిచ్చి సైట్లకేం వెళ్లలేదు. రోజూ చదివే తెలుగు వార్తల సైటే. పోయిన వారం ల్యాప్‌టాప్ స్లో అయిందని బజార్లో ఇస్తే ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. ప్రకటనలు రాకుండా ఆపడానికి నేను పెట్టిన యాడ్ బ్లాకర్ దాంతోపాటే పోయింది. రెండేళ్లుగా ఏ గొడవా లేదు. అది పోయిన ఐదో రోజుకే ప్రకటన రూపంలో ఇది.

ఆ సైట్ వాళ్లని అడిగితే మాకు తెలియదంటారు. నిజంగానే తెలియదు, ఘోరం అక్కడే ఉంది. పేజీ తెరుచుకునే రెప్పపాటులో మన గురించి ఎవరెవరికో కబురు వెళ్తుంది. ఈ మనిషికి ప్రకటన చూపించడానికి ఎంతిస్తారని వేలం నడుస్తుంది. పాట ఎక్కువ పాడినవాడి ప్రకటన మన ముందుకొస్తుంది. వాడు చీరలమ్ముకునేవాడో దొంగో సైట్ వాళ్లు చూడరు. 2022 డిసెంబర్‌లో అమెరికాలో ఎఫ్‌బీఐ కూడా, మోసగాళ్లు పేరున్న సంస్థల్లా నటిస్తూ సెర్చ్‌లో ప్రకటనలు కొంటున్నారు, యాడ్ బ్లాకర్ వాడండి అని జనానికి చెప్పింది. పోలీసులే తాళం వేసుకోమంటున్నారు. మనవాళ్లేమో తాళం వేసుకున్నవాణ్ణి దొంగంటారు!

"యాడ్స్ ఆపేస్తే పాపం సైట్లు ఎలా బతుకుతాయి?" అని మా మేనత్త కొడుకు ప్రతి పండక్కీ ఇదే పాట. బావా, నేను చదివే రెండు పత్రికలకి చందా కడుతున్నాను, నువ్వు ఒక్కదానికి కడుతున్నావా? పేపర్లో బట్టల షాపు ప్రకటన చిన్నప్పటి నుంచి చూస్తున్నాం, ఎవరం ఏమీ అనలేదు. అది మన వెంట వంటింట్లోకి రాలేదు. నిన్న రాత్రి ఏం వెతికావో గుర్తుపెట్టుకోలేదు. సైరన్ మోగించలేదు. అమ్మ ఫోన్లో పంచాంగం తెరిస్తే తిథి కనిపించదు, దాని మీద ప్రకటన పరిచి ఉంటుంది. మూసేసే గుర్తు ఆవగింజంత. అమ్మ వేలికి అది అందదు, ఎక్కడ నొక్కినా లోన్ యాప్ దగ్గర తేలుతుంది.

ఇక "దాచుకోవడానికి నీ దగ్గర ఏముంది?" అనేవాళ్లున్నారు. వాళ్లకోసం ఒక సంగతి రాస్తాను. అక్కని అడిగాను, రాయమంది. నాలుగేళ్ల క్రితం అక్కకి ఐదో నెలలో అబార్షన్ అయింది. అంతకుముందు ఒక యాప్‌లో నెలలు నమోదు చేసుకుంది, ఉయ్యాలల కోసం నాలుగుసార్లు వెతికింది. చేసిన నేరం అంతే. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఏ పేజీ తెరిచినా డైపర్లు, చంటిపిల్లల గౌన్లు. కూర ఎలా వండాలో చూడబోతే పక్కన బోసినవ్వుల పాప. చివరికి "మీ పాపకి మూడో నెల వచ్చింది" అని కూడా చెప్పారు. అక్క ఫోన్ తీసి బీరువాలో చీరల కింద పెట్టేసింది. ఏం దాచుకుంటున్నావని ఆమెని అడగండి, ధైర్యముంటే.

అసలు ఈ రోగం ఇంటర్నెట్లోనే లేదు. టూత్‌పేస్ట్ కొన్నా "మేడమ్, నంబర్ చెప్పండి". వెనక క్యూలో పదిమంది వింటుండగా పది అంకెలూ గట్టిగా చదవాలి. నంబర్ ఇస్తేనే అమ్ముతామని బలవంతపెట్టకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే షాపులకి చెప్పింది. మా వీధి చివర కౌంటర్ దాకా ఆ మాట ఇంకా రాలేదు. పోయిన నెల రక్తపరీక్షకి నంబరిచ్చాను. రిపోర్ట్ సాయంత్రం వచ్చింది. షుగర్ తగ్గించే పొడి అమ్మేవాడి ఫోన్ మధ్యాహ్నమే వచ్చింది! డేటా రక్షణ చట్టం 2023లో చేశారు, దాని నియమాలు రావడానికి 2025 నవంబర్ అయింది. అప్పటిదాకా మనల్ని కాపాడింది ఎవరు? ఏ ప్రకటనల్ని ఆపాలో చెప్పే ఫిల్టర్ జాబితాలు ఎక్కడో కూర్చుని ఉచితంగా రాసిపెట్టే మనుషులు. యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ చేసిన రేమండ్ హిల్ విరాళాలు కూడా తీసుకోడు.

అలాంటి పనిముట్టుని గూగుల్ వాళ్లు తమ క్రోమ్ బ్రౌజర్‌లో చంపేశారు. ఇదివరకు పేజీ నుంచి వెళ్లే ప్రతి పిలుపునూ ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి మనం తగిలించుకునే ఇలాంటి చిన్న ప్రోగ్రామ్, స్వయంగా చూసి ఆపేది. ఇప్పుడు ఆపాల్సినవాటి జాబితా ముందే బ్రౌజర్ చేతికిచ్చి పక్కన నిలబడాలి. మేనిఫెస్ట్ వీ3 అంటారు దీన్ని. 2024లో పాతవాటిని తీసేయడం మొదలుపెట్టి 2025లో పూర్తి చేశారు. భద్రత కోసమట. ఆదాయంలో దాదాపు నాలుగింట మూడొంతులు ప్రకటనల మీదే వచ్చే కంపెనీ మన భద్రత గురించి చెబితే నేను నమ్మను. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అని తేలికపాటిది ఒకటుంది, క్రోమే కావాలనుకునేవాళ్లు అదైనా పెట్టుకోండి. ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్‌లో అసలుది ఇప్పటికీ నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా.

అలాగని కనిపించిన ప్రతి ఎక్స్‌టెన్షన్‌నీ పెట్టేయకండి. పేరు పోలినవి బోలెడు. కాపాడతామని చెప్పి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. జనం ఏ సైట్లు చూస్తున్నారో అమ్ముకున్నందుకు అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ మీద అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఎఫ్‌టీసీ 2024లో 1.65 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

ఆఫీసుకి లేటని చెప్పి అరగంట వీడియో కాల్‌లో కూర్చున్నాను. ఫైర్‌ఫాక్స్ దింపించాను, యూబ్లాక్ ఆరిజిన్ పెట్టించాను. నాన్న ఒక్కో అక్షరం పైకి చదువుతూ టైప్ చేశారు. అదే వార్తల సైట్ మళ్లీ తెరవమంటే ఆయన చెయ్యి మౌస్ మీదకి వెళ్లలేదు. "నువ్వు లైన్లోనే ఉండమ్మా" అన్నారు. ఉన్నాను. వార్త పూర్తిగా చదివేదాకా ఉన్నాను.

అమ్మ ఫోన్ ఇంకా మిగిలింది. ఆదివారం బస్సుకి వెళ్తున్నా.