తరావా దాడి: పడవల విషయంలో సవరణ

1943 నవంబరు 20న పసిఫిక్ మహాసముద్రంలో అప్పట్లో జపాన్ అధీనంలో ఉన్న తరావా దీవుల్లోని బేటియోపై అమెరికా మెరీన్లు జరిపిన దాడి గురించిన గత టపాలో 'పడవలన్నీ పగడపు దిబ్బ మీద చిక్కుకుపోయాయి' అన్న వాక్యాన్ని ఈ విధంగా సవరించి చదువుకోవాలి. మొదటి మూడు వరుసల్లో వచ్చినవి పడవలు కావు, ఉభయచర ట్రాక్టర్లు (నీటిలోనూ నేలమీదా నడిచే సైనిక వాహనాలు). వాటిలో చాలావరకు దిబ్బనెక్కి, కొబ్బరి దుంగలతో కట్టిన ఒడ్డు గోడ దాకా వెళ్లగలిగాయి. చిక్కుకున్నవి వాటి వెనుక వచ్చిన హిగ్గిన్స్ పడవలు (సైనికులను ఒడ్డుకు చేర్చే పడవలు). నిండు బరువుతో వాటికి దాదాపు 4 అడుగుల నీరు కావాలి, ఆ పూట పోటు అంత ఎత్తుకు రాలేదు. అందువల్ల వాటిలోని సైనికులు తుపాకులు పైకెత్తి పట్టుకొని, మెషిన్‌గన్ కాల్పులకు ఎదురుగా, ఛాతీలోతు నీటిలో వందల గజాలు నడవవలసి వచ్చింది. అయితే ప్రాణనష్టమంతటినీ పోటుకే అంటగట్టడం సరికాదు: ట్రాక్టర్లు సుమారు 125 మాత్రమే ఉండి మిగతావారు పడవల్లో రావలసి రావడం, నౌకల ఫిరంగి కాల్పులు ఆగాక జపాన్ సైనికులకు తేరుకొనే వ్యవధి దొరకడం కూడా అంతే బలమైన కారణాలు.