మా అమ్మకి గొళ్ళెం వేయాలట

"గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసుకో అమ్మా, వయసైతే అందరికీ మతిమరుపే కదా." గంట క్రితం లిఫ్ట్ దగ్గర పక్క ఫ్లాట్ ఆంటీ నాతో అన్న మాట. అమ్మ నా పక్కనే నిలబడి ఉంది, వింటోంది.

దానికి ముందు, నేను పప్పుకి పోపు పెట్టేలోపు అమ్మ తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. విద్యానగర్ స్టేషన్ దగ్గర దొరికింది. ఒక కాలికే చెప్పు, చేతిలో మా పాప లంచ్ బాక్స్. "జనగామ బండి టైమైంది, మా అమ్మ ఎదురుచూస్తుంటది" అంటోంది. అమ్మమ్మ పోయి 22 ఏళ్ళు.

కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తు రాకపోతే మతిమరుపు. నలభై ఏళ్ళు వంట చేసిన మనిషి ఉప్పు డబ్బా పట్టుకుని ఇదేంటని అడిగితే అది జబ్బు, మెదడు కణాలు చచ్చిపోయే జబ్బు. దేశంలో 60 దాటినవాళ్ళలో దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు, అంటే డిమెన్షియా, ఉందని 2023లో అంచనా వేశారు. అంతమందికీ గొళ్ళెం వేద్దామా?

ఆంటీని అని ఏం లాభం, మా అన్నయ్యే నమ్మడు. ఆదివారం వీడియో కాల్‌లో పది నిమిషాలు అమ్మ నవ్వుతుంది, "తిన్నావా బిడ్డా" అంటుంది. "బానే ఉందిగా, నువ్వే టెన్షన్ పడుతున్నావ్" అంటాడు. బియ్యం డబ్బాలో తనే పర్సు దాచుకుని, రాత్రి మూడింటికి నేనే దొంగతనం చేశానని ఏడ్చిన అమ్మని ఆయన చూడలేదు. నన్ను "అక్కా" అని పిలుస్తోంది. కూతుర్ని అంటే భయపడుతోంది, అందుకని అక్కనే అయిపోయాను. ఉద్యోగం మానేసి 14 నెలలు. "నువ్వు కాసేపు పడుకో, నేను చూసుకుంటా" అన్నవాళ్ళు ఒక్కరు లేరు.

పోయిన నెల ఆస్పత్రిలో ఒక అధ్యయనంలో చేరతారా అని అడిగారు. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తం, ఒక ఎమ్మారై, ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చు. అన్నయ్యకి చెప్తే "అమ్మని ప్రయోగాలకిస్తావా, నలుగురూ ఏమనుకుంటారు" అని అరిచాడు. మన హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలోనే 648 మంది డిమెన్షియా పేషెంట్ల వివరాలు చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని న్యూరాలజీ డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 2013లో చెప్పింది. బడి మొహం చూడనివాళ్ళలో కూడా ఈ తేడా కనిపించిందట. ఆ ఇళ్ళవాళ్ళు పరువు పోతుందని దాచుకోకుండా, ఎప్పుడు మొదలైంది, ఎలా మొదలైంది అని డాక్టర్ ముందు కూర్చుని చెప్పబట్టే కదా మనకి తెలిసింది! మా అమ్మ కూడా కూరగాయల బండి దగ్గర ఉర్దూలో బేరమాడేది. ఇప్పటికీ "కిత్నా" అని అడుగుతుంది. చెప్పిన ధర మాత్రం నిలవదు.

సోమవారం అమ్మని తీసుకెళ్తున్నాను. సంతకం నేనే పెడతా.

ఆంటీ, మీరూ ఇది చదువుతారని తెలుసు. ఆ రోజు పాప బడి నుంచి వచ్చేసరికి మేం తిరిగి రాకపోతే, కాసేపు మీ ఇంట్లో కూర్చోబెట్టుకోండి. నాకు కావలసిన సాయం అది.