పేరంటంలో బ్యాక్టీరియా

వరలక్ష్మీ వ్రతం నాడు పేరంటానికి వచ్చినవాళ్ళకు జన్యువు మార్చిన బ్యాక్టీరియాను చూపిద్దామని మొదట ఎవరు అన్నారో మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోవడం లేదు. మొన్న శుక్రవారం జరిగిన సంగతి కాబట్టి తలచుకుంటే ఇంకా కాస్త మంటగానే ఉంది.

మేముండేది కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో. ఇంట్లోనే జీవసాంకేతిక ప్రయోగాలు చేసుకునే ఔత్సాహికులకు ఈ ఊరు పుట్టిల్లు కాకపోయినా మేనమామ ఇల్లు లాంటిది. వాళ్ళ ఉద్యమం 2008లో బోస్టన్ ప్రాంతంలో డీఐవై బయో అనే పేరుతో మొదలైంది. 2010లో బ్రూక్లిన్‌లో జెన్‌స్పేస్ వాళ్ళు ఎవరైనా వచ్చి పనిచేసుకోగల ప్రయోగశాలను తెరిచారు. ఆ మరుసటి ఏడు మా ఊళ్ళోనే బయోక్యూరియస్ వచ్చింది. అంతదూరం వెళ్ళే ఓపిక లేని మా అబ్బాయి, ఇంటికే పార్సిల్ వచ్చే కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. వాడిది తొమ్మిదో తరగతి.

కిట్‌లో ఉన్న బ్యాక్టీరియా ఇ. కోలై, అందులోనూ కె-12 అనే రకం. 1922లో పాలో ఆల్టోలో ఒక రోగి మలం నుంచి సేకరించిన దాని సంతతి ఇది. ఇన్నేళ్ళుగా ప్రయోగశాలల్లోనే బతికి, మనుషులకు జబ్బు చేసే శక్తి పోగొట్టుకుంది. పాలో ఆల్టో మాకు కారులో పావుగంట దూరం కాబట్టి ఇది దాదాపు మా పొరుగు జీవి. వ్రతం రోజున ఇంట్లో ఉన్నది ఏమిటో, ఎక్కడినుంచి వచ్చిందో మా అత్తగారికి ఎవరూ వివరించలేదు. ఆవిడ అడగనూ లేదు.

ఈ బ్యాక్టీరియాలోకి జెల్లీచేప జన్యువును ఎక్కిస్తే అది అతినీలలోహిత కాంతిలో పచ్చగా వెలుగుతుంది. ఆ జన్యువును మొదట వేరుచేసి 1992లో ప్రకటించిన డగ్లస్ ప్రాషర్, ఆ ప్రొటీను పుణ్యమా అని 2008లో మరో ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చేనాటికి, అలబామాలో ఒక కార్ల దుకాణంలో వ్యాను నడుపుతున్నాడు. అంటే ఈ జన్యువు అందరికీ అచ్చివచ్చేది కాదు.

బ్యాక్టీరియాను మంచులో పెట్టడం, 42 డిగ్రీల నీళ్ళలో 50 సెకన్లు ముంచి మళ్ళీ మంచులోకి మార్చడం వంటి క్రతువులన్నీ అబ్బాయి గదిలో జరిగిపోయాయి. ఆ తరువాత బ్యాక్టీరియాను పూసిన మూతల ప్లేట్లను వెచ్చగా ఉంచాలి. దోసెల పిండి పులియడానికి మా ఆవిడ లైటు వేసి ఉంచే ఓవెన్‌ను వాడు అడిగాడు. ఆవిడ ఇవ్వనంది. ప్లేట్లు వై-ఫై రౌటర్ మీద పెరిగాయి.

ఇంతకూ చిక్కు వచ్చింది చక్కెరతో. ఆ జన్యువు ఊరికే వెలగదు. అరబినోజ్ అనే చక్కెర తగిలితేనే దాని మీట పడుతుంది. కిట్‌తో వచ్చిన జాబితాలో ఆ చక్కెర సీసా ఉంది గాని పెట్టెలో లేదు. కంపెనీ సహాయ విభాగానికి రాస్తే, చక్కెరను ప్లేట్లలో ముందే కలిపామనీ, నిశ్చింతగా కొనసాగించండనీ జవాబిచ్చి, తమ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు. మా అబ్బాయి అయిదూ ఇచ్చాడు.

మా అపార్ట్‌మెంటులో కిటికీ లేని గది బాత్రూము ఒక్కటే. వాయనాలు అందుకున్నాక పేరంటాళ్ళు ముగ్గురు, మా అత్తగారు, మా ఆవిడ, పిల్లలు, నేను అందులోకి చేరాము. పక్క అపార్ట్‌మెంటులో కూతురి దగ్గరికి గుంటూరు నుంచి వచ్చి ఉంటున్న పెద్దాయన ఒకరు ఉన్నారు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి ఆయనను ప్రత్యేకంగా పిలిచి టబ్బులో నిలబెట్టాము. అక్కడినుంచి అయితే అడ్డం లేకుండా కనిపిస్తుంది. మూతకు టేపు చుట్టిన ప్లేటును వాష్‌బేసిన్ పక్కన పెట్టి, తలుపు వేసి, లైటు ఆర్పి, మా అబ్బాయి 395 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వెలిగించాడు.

ప్లేటు వెలగలేదు. దగ్గరగా పెట్టినా, దూరంగా పెట్టినా, తెల్లటి చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. వాడు కంగారులో టార్చి కిందికి దించాడు.

కింద పాదాలు వెలిగాయి. చీకట్లో మనుషులు కనబడకుండా, పాదాలు మాత్రం, వేళ్ళ సందులతో సహా, పసుపూ ఆకుపచ్చా కలిసిన కాంతితో జతలు జతలుగా నేలమీద నిలబడి ఉన్నాయి. ఎవరో కెవ్వుమని చెయ్యెత్తితే ఆ మణికట్టు చుట్టూ తోరం వెలిగింది. మా అత్తగారు అమ్మవారు పలికిందని భక్తిగా చేతులు జోడించారు. ఆవిడ జోడించిన దిక్కున ఏముందో లైటు వేసేదాకా తెలియలేదు, తెలిశాక ఎవరూ పైకి అనలేదు.

టబ్బులోంచి పెద్దాయన గొంతు ఖంగుమంది. "బాబూ, ప్లేట్లో ఉండవలసింది ఇంతమంది కాళ్ళకు ఎట్లా పాకింది?" అన్నారు. అని ఊరుకోలేదు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చిన రోజుల్లో ఆయన ఉద్యోగంలో ఉన్నారట. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చిందనీ, దానికింద జన్యుమార్పిడి జీవులకు 1989లో నిబంధనలు పెట్టారనీ, మన దగ్గర ఇటువంటి పనికి కమిటీల అనుమతులు కావాలి గాని ఇట్లా బాత్రూములో చేస్తే ఊరుకోరనీ, ఆ చీకట్లో వరసగా వివరించారు. అన్నీ నిజాలే. ఆ తరువాత, ఎవరూ గడప దాటవద్దని ఆజ్ఞ జారీ చేశారు. వాయనం సంచులు చేతిలో పట్టుకుని, కారులో భర్తలు ఎదురుచూస్తున్న గృహిణులు ముగ్గురు నిజంగానే కదలకుండా నిలబడ్డారు. రిటైరైన ఆఫీసరు గొంతుకు మనవాళ్ళలో ఉన్న విలువ అటువంటిది.

"పసుపు బాబాయిగారూ, పేరంటంలో కాళ్ళకు రాసిన పసుపు" అంది మా ఆవిడ. పసుపులో ఉండే కర్క్యుమిన్ ఈ కాంతిలో వెలుగుతుందని మా అబ్బాయి అందుకున్నాడు. ఆయన నమ్మలేదు. తన కాళ్ళు వెలగడం లేదనీ, కాబట్టి ఇది ఆడవాళ్ళకు మాత్రమే పట్టే రకమనీ ఆయన తేల్చారు. ఇంతలో టార్చి ఆయనవైపు తిరిగింది. బట్టలసబ్బు పొడిలో తెలుపు కోసం కలిపే రసాయనం కూడా ఇదే కాంతికి వెలుగుతుందని ఆయనకు ఎవరూ చెప్పి ఉండలేదు. మోకాళ్ళ నుంచి నడుము దాకా నీలంగా మండిపోతున్న తన పంచెను చూసుకుని, ఆయన టబ్బు అంచు పట్టుకుని కూర్చుండిపోయారు. పళ్ళెంలోంచి ఒక చిటికెడు పసుపు తీసి ఆయన అరచేతిలో రాసి, టార్చి పట్టి చూపించేదాకా తలుపు తీయనివ్వలేదు.

తలుపు తీసేలోపల టార్చి ఒక్కసారి కమోడు చుట్టూ ఉన్న నేలమీద పడింది. అక్కడ కూడా కొన్ని చుక్కలు వెలిగాయి. అవి పసుపు కావు. మా ఆవిడ చప్పున లైటు వేసింది.

కంపెనీకి ఆ రాత్రే మళ్ళీ రాశాము. బ్యాక్టీరియా చుక్కలు పెరిగాయి గాని వెలగలేదన్నాము. జన్యువు ఎక్కిన బ్యాక్టీరియా మాత్రమే తట్టుకునే యాంటీబయాటిక్ కలిపిన ప్లేటులో పెరిగాయంటే జన్యువు ఎక్కినట్టే, చక్కెర లేదన్నమాటే. ఈసారి వాళ్ళు వాదించలేదు. రాని సీసా ఫొటో పంపమన్నారు. లేనిదానికి ఫొటో ఎట్లా తీస్తారో అబ్బాయి మర్యాదగా అడిగితే, పెట్టెలో సీసా ఉండవలసిన గాడిని తీసి పంపమన్నారు. పంపాడు. ఫొటోలో ఉత్పత్తి స్పష్టంగా కనిపించడం లేదని తిప్పి పంపారు. మొక్కల నుంచి మందుల దాకా ఇకమీదట మనుషులు ఇళ్ళల్లోనే తయారుచేసుకుంటారని ఆ కంపెనీ పెట్టె మూత మీద బంగారు రంగు అక్షరాలతో అచ్చు వేసుకుంది. మూత కింద మాత్రం ఒక చెంచాడు చక్కెరకు దిక్కులేదు.

ప్లేట్లను ఒక వంతు బ్లీచికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ముంచి, చెత్తలో వేశాము. చక్కెర సీసా బయలుదేరిందని ఈ ఉదయం మెయిలు వచ్చింది. బ్యాక్టీరియా విడిగా అమ్మరట, మళ్ళీ పూర్తి కిట్ కొనుక్కోవాలట. టార్చి మా దగ్గర లేదు. వాళ్ళ అమ్మాయి కొనబోయే ఇంట్లో బాత్రూములు ఒకసారి పరీక్షించి వస్తానని పెద్దాయన పట్టుకెళ్ళారు.