బలి ఇచ్చితిని, ధ్రువపత్రం ఇప్పించగలరు

రోమన్లు క్రైస్తవుల్ని సింహాల ముందు పడేశారని నలుగురూ చెప్పుకుంటారు గానీ, ఆ ప్రభుత్వ కార్యదక్షతను మెచ్చుకున్న పాపాన ఎవరూ పోలేదు. సింహాన్ని సముద్రం దాటించి తేవాలి, మేపాలి. క్రీ.శ. 249లో గద్దెనెక్కిన రోమన్ చక్రవర్తి డెషియస్ అంతకన్నా చవకైన సాధనం వాడాడు: అర్జీ కాగితం.

రోమన్ల వాదన ఎంతో సబబైనది. మీ మనసులో ఏ దేవుడున్నాడో వాళ్లకు అక్కర్లేదు. చిటికెడు సాంబ్రాణి వేసి, నాలుగు చుక్కల ద్రాక్షసారా ఒలకబోసి, బలిమాంసం ఒక ముక్క నోట్లో వేసుకుంటే చాలు. ఆ మాత్రానికి ప్రాణం మీదికి తెచ్చుకునేవాణ్ని మొండివాడనక ఏమంటారు? క్రైస్తవులు గుడి మెట్లెక్కరు కాబట్టి నాస్తికులని కూడా అన్నారు. యూదులూ బలికి రారు గానీ, వాళ్లది తాతల నాటి ఆచారం. ఎంత వింతైనా పాతదైతే రోమ్ కళ్లకద్దుకునేది.

మునుపటి విధానం కాస్త గజిబిజి. సుమారు 112లో బితూనియా (ఇప్పటి టర్కీలో ఒక రోమన్ రాష్ట్రం) గవర్నర్ ప్లినీ ఈ క్రైస్తవులనేం చేయమంటారని రాస్తే, ట్రాజన్ చక్రవర్తి చెప్పిందిది: వెతకొద్దు, ఎవరైనా పట్టిచ్చి రుజువైతే శిక్షించు, ఆకాశరామన్న ఉత్తరాలు పట్టించుకోకు. వెతకనక్కర్లేనంత అమాయకులు దొరికితే మాత్రం దోషులెలా అయ్యారని ఉత్తరాఫ్రికాలోని కార్తేజి ఊరి క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ తర్వాత ఎత్తిపొడిచాడు. రచయితలకు పాలనా ఇబ్బందులు ఎప్పుడు అర్థమయ్యాయి గనక!

డెషియస్ ఈ తిరకాసు తీసేశాడు. వెతకడమూ లేదు, పట్టివ్వడమూ లేదు. అందరూ బలుల తనిఖీకి వేసిన అధికారుల సంఘం ఎదుట బలి ఇవ్వాలి, ఇచ్చినట్టు కాగితం పుచ్చుకోవాలి. ఈజిప్టు ఇసుకలో ఇలాంటివి నలభైకి పైగా దొరికాయి. ఒకటి 250 జూన్ 26 నాటిది. ఫయూమ్‌లో అలెగ్జాండర్ దీవి అనే ఊరివాడు, సతబూస్ కొడుకు ఔరేలియస్ దియోగెనెస్, వయసు 72, కుడి కనుబొమ మీద మచ్చ, మనవి చేసుకునేదేమంటే: దేవతలకు ఎప్పుడూ బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు తమరి సమక్షంలో ఇచ్చాను, ఒలకబోశాను, రుచి చూశాను, కావున ధ్రువీకరించగలరు. కింద సాక్షి సంతకం.

మన పదో తరగతి సర్టిఫికెట్ మీద పుట్టుమచ్చలు చూసి నవ్వేవాళ్లు ఇక ఆ నవ్వు మానాలి. ఆ మచ్చ అవసరమే. 212లో కరకల్లా చక్రవర్తి దాదాపు స్వతంత్రులందరికీ పౌరసత్వం పంచేశాడు. కొత్త పౌరులు ఆయన వంశనామమైన ఔరేలియస్ తగిలించుకోవడంతో ఊరు ఊరంతా ఔరేలియస్‌లే అయి కూర్చున్నారు. ఏ ఔరేలియస్ మాంసం తిన్నాడో కనుబొమ చూస్తే తప్ప ఎలా తెలుస్తుంది?

నిష్పక్షపాతమూ గమనించాలి. పెతెసూకోస్ అనే మొసలి దేవుడి పూజారిణి కూడా తాను దేవతలకు బలి ఇచ్చానని పత్రం తీసుకుంది. వృత్తే అది కదా అని ఏ గుమాస్తా వదిలిపెట్టలేదు.

లోటుపాట్లుంటాయి. రోమ్ బిషప్ ఫేబియన్ 250 జనవరిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. అంత గట్టిగా నిలబడినవాళ్ల దగ్గర కాగితం పనిచేయదు. కార్తేజిలో గొడవ వేరు. బలి ఇస్తామంటూ జనం ఎగబడితే, పొద్దుపోయింది రేపు రమ్మని అధికారులు పంపబోయారట. జనమే ఇవాళే కానివ్వమని బతిమాలారట. ఇది చెప్పింది అజ్ఞాతంలోకి వెళ్లిన ఆ ఊరి బిషప్ సిప్రియన్. చేయి తడిపి, సాంబ్రాణి ముట్టకుండానే పత్రం తెచ్చుకున్నవాళ్లు మరో రకం. అటు దేవుడికి ద్రోహం లేదు, ఇటు చక్రవర్తికి లోటు లేదు, మధ్యలో గుమాస్తాకూ నష్టం లేదు.

ఇక చర్చికి పని పెరిగింది. పొగ వేసినవాడు, మాంసం తిన్నవాడు, ఉత్త కాగితం కొన్నవాడు అని జారిపోయినవాళ్లను వర్గాలుగా విడదీసి, ఎవరికెంత ప్రాయశ్చిత్తమో లెక్కగట్టాలి. ఈలోగా జైల్లో ఉన్న విశ్వాసవీరులు, వీళ్లను మళ్లీ చేర్చుకోండని సిఫార్సు పత్రాలు రాసివ్వడం మొదలెట్టారు. వాటిలో కొన్నింటిని చూసి సిప్రియన్ తల పట్టుకున్నాడు. "ఫలానా వారిని, వారి వారితో సహా" అని ఉందట. ఆ "వారి వారు" ఎందరో రాయలేదు. ఇరవై ముప్పై మంది బంధువులమనీ నౌకర్లమనీ వచ్చి నిలబడితే ఏం చేయాలని ఆయన ఉత్తరంలో అడిగాడు.